ప్లీడరమ్మకి దక్కని కుర్చీ

పేటలో పిండిమర ఆడుతున్నంతసేపూ ఎవరి మాటా ఎవరికీ వినబడదు, ఒక్క ప్లీడరమ్మ మాట తప్ప. పెళ్ళై ఆ ఇంటికి పెద్దకోడలిగా వచ్చిన కొత్తలో ఆవిడదీ మామూలు గొంతే. మోటారు హోరు మీద "ఎవరి డబ్బా ఇది? మెత్తగానా, బరకగానా?" అని అరిచి అరిచి ఆ గొంతు రాటుదేలిపోయింది. కొన్నాళ్ళకి దానికి మరలో పని చాలలేదు. పింఛను ఆగిపోయిన ముసలమ్మ తరఫున ఆఫీసు గుమాస్తాతో, రాని నీళ్ళ లారీ కోసం డ్రైవరుతో, వెలగని వీధి దీపం కోసం స్తంభం ఎక్కినవాడితో కింద నుంచే దెబ్బలాడటం మొదలుపెట్టింది. న్యాయం ఎవరిదైనా గెలుపు ఆవిడదే అయ్యేది. అలా ప్లీడరమ్మ అయింది. అసలు పేరు ఓటర్ల జాబితాలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

ఇల్లూ మరా ఒకే కప్పు కింద ఉండేవి. ముందు గదిలో మర, వెనక పొడుగాటి వసారా, వసారాకి చెరో పక్కన అన్నదమ్ములిద్దరి గదులు. ప్లీడరమ్మ భర్త మర నడిపేవాడు. ఎప్పుడు చూసినా కనుబొమల మీద పిండే. మాట్లాడాల్సినవన్నీ భార్య మాట్లాడేస్తుంది కనుక ఆయనకి తలాడించడం ఒక్కటే పని. మరిది సరుకుల వ్యాను తోలేవాడు. మరిది భార్య, అంటే చిన్నకోడలు, కాటా దగ్గర నిలబడి తూకం చూసేది. ఆమె గొంతు పక్కవాళ్ళకి కూడా అందేది కాదు. ఎంతైందో చెప్పాలన్నా వేళ్ళు చూపించేది.

అత్తగారు గుమ్మంలో కుర్చీ వేసుకుని వచ్చేపోయేవాళ్ళని కనిపెడుతూ ఉండేది. "నాకు ఇద్దరు కోడళ్ళు. ఒకత్తె నోరు మూయదు, ఒకత్తె నోరు తెరవదు. ఇద్దర్నీ మరలో పోసి కలిపి ఆడిస్తే రెండు మంచి కోడళ్ళు దిగేవాళ్ళు" అనేది.

ప్లీడరమ్మకి ఇద్దరు మగపిల్లలు, చాలా ఎడంగా ఒక ఆడపిల్ల. పుట్టినప్పుడు గుప్పెడంతే ఉందని ఆ పిల్లని అందరూ గుప్పెడు అనే పిలిచేవారు. బళ్ళో నాలుగో తరగతికొచ్చి, కాళ్ళూ చేతులూ పొడుగ్గా సాగినా ఆ పేరు పోలేదు. చిన్నకోడలికి పిల్లలు లేరు. గుప్పెడు తిండీ, చదువూ, అలకా అన్నీ చాలావరకు పిన్ని గదిలోనే జరిగేవి. చేతినిండా పని ఉన్న ప్లీడరమ్మకి అది ఏనాడూ కష్టమనిపించలేదు.

ఆ ఏడు పేట వార్డు సీటు ఆడవాళ్ళకి కేటాయించారని తెలిసింది. తెలిసిన రోజే సగం పేట మర ముందుకొచ్చి నిలబడింది.

"ఇంకెవరుంటారు? మన ప్లీడరమ్మే" అన్నాడు టెంట్లు అద్దెకిచ్చే ఆయన. "ఇన్నాళ్ళూ బయట నిలబడి అరిచావు. ఇక లోపల కూర్చుని అరువమ్మా."

ఆవిడ వద్దని ఒక్కసారి కూడా అనలేదు. ఆ మాట కోసం ఎన్నాళ్ళ నుంచి ఎదురు చూస్తోందో ఆవిడకే తెలుసు. పెట్టెలోంచి మంచి బట్టలు తీసి కట్టుకుని, వెనక ఓ గుంపును వేసుకుని నామినేషన్ వేయడానికి వెళ్ళింది. తోడుగా చిన్నకోడలు కూడా వెళ్ళింది, నీళ్ళ సీసా పట్టుకుని.

బల్ల అవతల అధికారి ఒక్కొక్కటే అడుగుతూ పూరిస్తున్నాడు.

"పిల్లలెంతమంది?"

"ముగ్గురు. ఏం, వాళ్ళని కూడా నిలబెడతారా?" అంది ప్లీడరమ్మ నవ్వుతూ.

ఆయన నవ్వలేదు. కలం పక్కన పెట్టాడు. "ఇద్దరికి మించి ఉంటే పోటీకి పనికిరారమ్మా. రూలు."

"పిల్లల్ని కనడం కూడా తప్పేనా? నేనేమైనా పన్ను ఎగ్గొట్టానా, ఎవరి కొంపైనా ముంచానా?"

"ఆ రూలు నేను రాసింది కాదమ్మా."

"అయితే రాసినవాణ్ణి పిలవండి. ఆయనకెంతమందో అడుగుతా."

గదిలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. అధికారి కూడా కొంచెం నవ్వి, కాగితం వెనక్కి తోశాడు. ఆవిడ ఎంతసేపు వాదించినా ఆ కాగితం మళ్ళీ ముందుకి రాలేదు. ప్లీడరమ్మ ఓడిపోయిన మొదటి కేసు అది, అదీ తన సొంత కేసు.

ఇంటికొచ్చాక మర ముందు జనం మళ్ళీ చేరారు. నామినేషన్ల గడువు మర్నాటితో సరి. అవతలి పక్షం వాళ్ళు అప్పటికే టపాకాయలు కొనేశారని ఎవరో కబురు మోసుకొచ్చారు. అప్పుడు ప్లీడరమ్మే లేచి, చిన్నకోడలి వైపు చెయ్యి చూపించి, "మా చెల్లి ఉందిగా! అడిగితే పిల్లల్లేరని చెబుతుంది, అంతేగా. పేరు దానిది, పెత్తనం నాది. సంతకం పెట్టడం వస్తే చాలు" అంది.

"నా వల్ల కాదక్కా" అంది చిన్నకోడలు కాటా దగ్గర నుంచి. ఎవరికీ వినబడలేదు.

మర్నాడు చిన్నకోడలి పేరున నామినేషన్ పడింది, గొడుగు గుర్తు వచ్చింది. సందు సందునా మాట్లాడింది ప్లీడరమ్మ, దణ్ణం పెట్టింది చిన్నకోడలు. "మాట నాది, ఓటు మా చెల్లికి" అని ఆవిడ అంటుంటే జనం ఈలలు వేసేవారు. గెలుపు అనుకున్న దానికన్నా పెద్దదే వచ్చింది.

ఓట్లు లెక్కపెట్టిన హాల్లో ఆ మాట వినగానే ముందుగా ఎగిరి గంతేసింది ప్లీడరమ్మే. ఆవిడ నేల మీదికి దిగేసరికి చుట్టూ ఎవరూ లేరు. అందరూ చిన్నకోడలి చుట్టూ చేరారు. ఎవరో కుర్చీ తెచ్చారు, ఎవరో ఫొటో తీశారు. పక్కనున్న పెద్దమనిషి వెనక్కి తిరిగి, "కాస్త తప్పుకోండమ్మా, మెంబరుగారు కనబడటం లేదు" అన్నాడు. ఆవిడ తప్పుకుంది. తప్పుకున్నాక చూసుకుంటే చేతిలో చెల్లెలి సంచీ, నీళ్ళ సీసా ఉన్నాయి. కడుపులో ఏదో కలుక్కుమంది. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు కదా, అందుకేననుకుంది.

తిన్నాక కూడా తగ్గలేదు.

గుమ్మం పక్కన చిన్నకోడలి పేరుతో బోర్డు కొట్టారు. పొద్దున్నే ఎవరో వచ్చి "మెంబరుగారున్నారా?" అనేవారు. "చెప్పండి, ఏం కావాలి?" అని ప్లీడరమ్మ ఎదురెళ్ళేది. "మీరు కాదండీ. మెంబరుగారు." ఇన్నాళ్ళూ తనని వెతుక్కుంటూ వచ్చిన మొహాలే అవి. ఇప్పుడు తనని దాటుకుని వసారాలోకి చూస్తున్నాయి.

మొదటి కౌన్సిల్ సమావేశానికి చెల్లెలి వెంట తనూ వెళ్ళింది. గుమ్మంలో బంట్రోతు చెయ్యి అడ్డం పెట్టి, "మెంబర్లకే" అన్నాడు. వరండాలో ఓ పొడుగు బెంచీ ఉంది. దాని మీద గెలిచిన ఆడవాళ్ళ మొగుళ్ళు వరసగా కూర్చుని, కిటికీలోంచి లోపలికి సైగలు చేస్తున్నారు. ఒకాయన మర్యాదగా జరిగి చోటిచ్చాడు.

"మీవాళ్ళెవరమ్మా లోపల?"

"మా చెల్లి."

"మాట వింటుందా?"

"ఎందుకు వినదు? నేను రమ్మంటే వచ్చింది, నిలబడమంటే నిలబడింది."

"మొదట్లో అందరూ అంతేనమ్మా" అన్నాడాయన. ఎవరి మీదో తెలియని దిగులుతో మళ్ళీ కిటికీ వైపు తిరిగాడు.

ఆయన అన్నట్టే అయింది. మొదట్లో ప్లీడరమ్మ చెప్పి పంపినవే చిన్నకోడలు అప్పజెప్పి వచ్చేది. పోనుపోను "చూస్తానక్కా" అనడం మొదలుపెట్టింది. ఆ మాట వింటే ప్లీడరమ్మకి ఒళ్ళు మండేది. చూస్తానంటే ఏమిటి? చూడటానికి దీనికేం తెలుసు? సాయంత్రాలు చిన్నకోడలు ఎవరితోనైనా వసారాలో మాట్లాడుతుంటే ఆవిడ జల్లెడ పట్టుకుని తలుపు చాటుకి జరిగేది. ఎంత చెవి రిక్కించినా ఆ గొంతు అందేది కాదు. తనకి వినబడకుండా ఉండాలనే అది అంత మెల్లగా మాట్లాడుతోందని ఆవిడకి గట్టిగా అనిపించేది. అది పుట్టినప్పటి నుంచీ అలాగే మాట్లాడుతుందన్న సంగతి అప్పుడు గుర్తొచ్చేది కాదు.

బడి హాల్లో వార్డు సభ పెట్టారు. ఇదివరకు అక్కడ సభ అంటే పెద్ద గొంతులవాళ్ళ పండగ. ఎవరు గట్టిగా అరిస్తే పని వాళ్ళ సందులోకి వెళ్ళేది, ఆ లెక్కన ప్లీడరమ్మ సందు ఎప్పుడూ నష్టపోలేదు. ఈసారి చిన్నకోడలు మైకు వద్దంది. ఒక్కో సందు నుంచి ఒక మగమనిషీ ఒక ఆడమనిషీ లేచి చెప్పాలంది. ఆ అన్నది ముందు వరసకే వినబడింది. వెనకవాళ్ళు "ఏమంటోంది? ఏమంటోంది?" అంటూ ఒకళ్ళ నోరు ఒకళ్ళు మూయించుకున్నారు. కాసేపటికి హాలంతా చీమ చిటుక్కుమన్నా వినబడేలా అయింది. ఇన్నేళ్ళలో తను ఎంత అరిచినా రాని నిశ్శబ్దం అది.

ఆ ఏడు వార్డుకి వచ్చే డబ్బుతో అయ్యేది ఒక్క పనే. మర ఉన్న సందులో మురుగు కాలువకి పైకప్పు వేయించాలని ప్లీడరమ్మ ఎన్నికలప్పుడే తన సందువాళ్ళకి మాటిచ్చేసింది. పేట చివర, గోడ వెనక ఇళ్ళ వరసలో కుళాయి లేదు. అక్కడివాళ్ళు బిందెలూ డబ్బాలూ మోసుకుంటూ మర ముందు నుంచే పెద్ద రోడ్డు దాకా వెళ్ళొస్తారు. ఆ వరస నుంచి లేచినావిడ పెద్దగా ఏమీ మాట్లాడలేదు. మోసి మోసి బొబ్బలెక్కిన భుజం చూపించి కూర్చుంది.

చేతులెత్తమన్నారు. వెనక వరస కుళాయికే ఎక్కువ చేతులు లేచాయి. అందులో ఒక చెయ్యి మోచేతి దాకా పిండితో తెల్లగా ఉంది.

"ఏవండీ, ఆ చెయ్యి ఎవరిది?" అంది ప్లీడరమ్మ పళ్ళ బిగువున.

"నాదే" అన్నాడు భర్త మెల్లగా. "పాపం, అంత దూరం మోస్తున్నారు కదే."

"మన కాలువ సంగతో?"

"కాలువ ఎక్కడికి పోతుంది? అక్కడే ఉంటుందిగా."

ఇంటికి వచ్చాక ఆవిడ చిన్నకోడలితో మాట్లాడలేదు. మర్నాడూ మాట్లాడలేదు. మూడో రోజు మాట్లాడింది, కానీ చిన్నకోడలితో కాదు. పిండి ఆడించుకోవడానికి వచ్చిన ఆడవాళ్ళు కాలువ పని పోయిందని నిట్టూరిస్తే, మరలోకి గింజలు వంచుతూ, "వడ్డించేవాళ్ళు మనవాళ్ళైతే కడపంక్తిలో కూర్చున్నా ఒకటే కదమ్మా" అంది.

"అంటే?"

"నేనేం అనలేదు తల్లీ. దాని మేనత్త ఉండేది ఆ వెనక వరసలోనే అంటున్నా, అంతే."

అందులో అబద్ధం ఏమీ లేదు. చీపుర్లు కట్టి అమ్ముకునే మేనత్త ఒకావిడ చిన్నకోడలికి నిజంగానే ఉంది, ఉండేదీ ఆ వరసలోనే. ఆ ఒక్క నిజాన్నీ పిండిలో పిండిగా కలిపి సందు సందుకీ పంపించింది ప్లీడరమ్మ. వారం తిరక్కుండా అది ఒళ్ళు చేసి మళ్ళీ మరకే వచ్చింది.

"మేనత్త ఇంట్లోకే కుళాయి వేయిస్తున్నారటగా, ప్లీడరమ్మా?"

"ఎవరన్నారు?"

"అందరూ అంటున్నారు."

ఆ పూట ఆవిడ కడుపునిండా తింది.

నలుగురు కలిసి పై ఆఫీసుకి ఫిర్యాదు రాశారు. విచారణ తేలేదాకా పని ఆపమని ఉత్తరువు వచ్చింది. పైపుల కోసం తవ్విన గోతి సగంలో ఆగిపోయింది. ఎండలు ముదిరాయి. వెనక వరస ఆడవాళ్ళు ఆ గోతిని దాటుకుంటూ, మునుపటికన్నా చుట్టు తిరిగి, అవే బిందెలతో మర ముందు నుంచి నడిచేవారు. ప్లీడరమ్మ వాళ్ళొచ్చే వేళకి లోపలికి వెళ్ళిపోయేది. ఎదురుపడితే ఏం జరుగుతుందని కాదు, ఎందుకో ఆ బిందెల వంక చూడలేకపోయేది.

చిన్నకోడలు మాత్రం ఎవరినీ ఏమీ అడగలేదు. సమావేశాలకి వెళ్ళేది, వచ్చి కాటా దగ్గర నిలబడేది. అదివరకు మర దగ్గర ఆమెకి నమస్కారం పెట్టినవాళ్ళు ఇప్పుడు తూకం రెండుసార్లు చూసుకుంటున్నారు. ప్లీడరమ్మ అది కూడా గమనించింది. సంతోషం కలగాలి కదా, కలిగింది. కానీ అది పుచ్చిన పంటితో చెరుకు నమిలినట్టు ఉంది.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయి మర ఆగింది. అలవాటులేని నిశ్శబ్దంలో అందరూ వసారాలో కూర్చున్నారు. గుప్పెడు బడి నుంచి పరిగెత్తుకుంటూ వచ్చి, బొమ్మ గీసిన కాగితం తల్లి మొహం మీద పెట్టింది. ఇంట్లోవాళ్ళు చేసే పని గీయమన్నారట. పెద్ద బల్ల, కుర్చీ, కుర్చీలో పిన్ని. పిన్ని చుట్టూ జనం.

"మరి అమ్మ ఏదే?"

"నువ్వు గుమ్మం బయట ఉంటావుగా. కాయితం సరిపోలేదు."

పిల్ల ఆ మాట ఎంత మామూలుగా అందంటే, మరిది ఫక్కున నవ్వాడు. ప్లీడరమ్మకి కళ్ళు బైర్లు కమ్మాయి.

"నువ్వు పుట్టకపోయుంటే ఆ కుర్చీలో నేనుండేదాన్నే!"

మర ఆడుతున్నప్పుడు అరిచే గొంతుతో అరిచింది. మర ఆగి ఉంది. వీధిలో పోయేవాళ్ళు కూడా ఆగిపోయారు. గుప్పెడు తల్లి మొహంలోకి చూసి, కాగితం మడిచి, ఇంకా చిన్నగా మడిచి, గుప్పిట్లో పెట్టుకుంది.

చిన్నకోడలు లేచి వచ్చి పిల్లని తన వైపు లాక్కుంది. ఆమె గొంతు పెరగడం ఆ ఇంట్లో ఎవరూ అంతకుముందు వినలేదు.

"ఆ కుర్చీ కావాలా అక్కా నీకు? ఇప్పుడే రాజీనామా రాసిస్తా. ఈ పిల్లని నాకు రాసిస్తావా?"

ప్లీడరమ్మ పిల్ల వైపు చెయ్యి చాచింది. చిన్నకోడలు పిల్లని వదల్లేదు.

"నువ్వొక్కదానివే కుళ్ళుకుంటున్నావనుకుంటున్నావా? ఈ గుమ్మంలో అడుగుపెట్టిన దగ్గర్నుంచీ నిన్ను చూసి నేను కుళ్ళుకుంటూనే ఉన్నా. ఇది కడుపున పడిందని తెలిసినప్పుడు 'అబ్బా, మళ్ళీనా' అని తల కొట్టుకున్నావు చూడూ, ఆ రోజు నిన్ను గొంతు పిసికి చంపాలనిపించింది. పిల్లలెంతమంది అని ఆ ఆఫీసులో నన్నడిగితే, లేరని చెప్పమని నువ్వు నవ్వుతూ చెప్పి పంపావు. నేను నవ్వుతూ చెప్పలేదక్కా." ఊపిరి తీసుకుంది. "మా మేనత్త మాట ఎక్కడ పుట్టిందో కూడా నాకు తెలుసు. నేను నిలబడేది కాటా దగ్గరే కదా. మర ఆడుతున్నా నీ మాట వినబడుతుంది."

పిల్లని తీసుకుని గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. అత్తగారు అంతటావిడ కూడా చెప్పడానికి సామెత దొరక్క, కరెంటు ఎప్పుడొస్తుందో కనుక్కోమని కొడుకుని పురమాయించింది.

ఆ తరవాత రోజుల్లో గుప్పెడు తల్లి పక్కకి రాలేదు. అలగలేదు, ఏడవలేదు. పిలిస్తే వచ్చి, చెప్పిన పని చేసి, వెళ్ళిపోయేది, కొత్తగా పనిలో చేరిన మనిషిలాగ. తల దువ్వుతానని కూర్చోబెట్టుకుంటే ఒకసారి అడిగింది.

"అమ్మా, ఇప్పుడు నన్ను పిన్నికి ఇచ్చేస్తే నీకు ఆ కుర్చీ ఇస్తారా?"

ప్లీడరమ్మ చేతిలో దువ్వెన ఆగిపోయింది. అవతల ఎంతటి మనిషి ఉన్నా గుక్క తిప్పుకోకుండా పది జవాబులు చెప్పే మనిషి, "ఇవ్వరు" అంది. పాయ తీస్తూ, "ఇచ్చినా నాకొద్దు" అంది. పిల్ల ఆ రెండు మాటల్నీ తూచుకుంటున్నట్టు ఊరుకుంది. నమ్మిందో లేదో తెలియలేదు. జడ అయ్యేదాకా మాత్రం లేచి వెళ్ళలేదు.

ఇది ఇలా ఉండగా వెనక వరస ఆడవాళ్ళు కలిసి మర దగ్గరికి వచ్చారు. ముందు నడుస్తున్నది చీపుర్ల మేనత్త. వాళ్ళని చూసి ప్లీడరమ్మ, నిలదీయడానికే వచ్చారనుకుంది. మేనత్త రెండు కొత్త చీపుర్లు గోడకి ఆనించి, చెయ్యి పట్టుకుంది.

"ప్లీడరమ్మా, మా తరఫున నువ్వు మాట్లాడాలి తల్లీ. నా మూలంగా ఇంతమంది నోట్లో మట్టి పడింది. నా ఇంటి ముందు వద్దు, అవతలి చివర పెట్టుకోమను కుళాయి, నేనక్కడికే పోయి తెచ్చుకుంటా. మా పిల్ల మెత్తనిది, దానికి దెబ్బలాడటం రాదు. నువ్వు నోరు తెరిస్తే జరగని పని ఉందా?"

కాటా దగ్గర చిన్నకోడలు ఉంది. రాయి పళ్ళెంలో పెట్టి, ముల్లు వంకే చూస్తోంది. తల ఎత్తలేదు. ఒక్క మాట చాలు ఆవిడకి, మీరు పట్టుకున్న చెయ్యి ఎవరిదో తెలుసా అత్తా అంటే చాలు. అనలేదు.

"వస్తాను" అంది ప్లీడరమ్మ. అలా అన్నది పశ్చాత్తాపంతోనా అంటే పూర్తిగా కాదు. ఇంతకాలం తరవాత ఒకళ్ళు తనని వెతుక్కుంటూ వచ్చారు, వసారాలోకి చూడకుండా తన మొహంలోకి చూసి మాట్లాడారు. ఆ రుచి అలాంటిది.

విచారణకి వచ్చిన అధికారి బడి హాల్లోనే సభ పెట్టించాడు. ఫిర్యాదు రాసినవాళ్ళు ఓ పక్క, వెనక వరసవాళ్ళు ఓ పక్క. చిన్నకోడలు బల్ల దగ్గర. ప్లీడరమ్మ లేచింది. చాలా రోజులు మూతపడిన మర మళ్ళీ ఆడినట్టు గొంతు మొదట గరగరమంది, తరవాత పట్టు దొరికింది. ఆ రోజు ఎవరెవరు ఎలా చేతులెత్తారో చెప్పింది, తన మొగుడి పిండి చెయ్యితో సహా. గోతి మేనత్త ఇంట్లోకి పోతోందో, వరస అంతటికీ పోతోందో అధికారినే నడిచి చూసి రమ్మంది. "చుట్టాలుండటం తప్పైతే ఈ పేటలో ఏ సందులోనూ ఏ పనీ చేయకూడదు. ఇక్కడ చుట్టరికం లేనివాడు మీరొక్కరే. కుళాయి మీ ఇంటికి వేయించుకోండి మరి" అంది. హాలు దద్దరిల్లింది. ఆవిడ ఒళ్ళంతా ఆ చప్పట్లు పాకాయి.

అప్పుడు టెంట్లాయన లేచాడు. "అంతా బానే ఉందమ్మా. మరి ఈ మాట మొదట ఎవరన్నారు? అది తేలాలి కదా."

"పిండిమర దగ్గర విన్నాం" అంది ఒకావిడ.

"పిండిమర దగ్గర ఎవరు?"

ప్లీడరమ్మ బల్ల వైపు చూసింది. చిన్నకోడలు ఆవిడ వైపే చూస్తోంది. ఆ చూపులో కోపం లేదు, జాలీ లేదు. తూకం తేలేదాకా ఆగే మనిషి చూపు.

"పిండిమర దగ్గర నా మాట తప్ప ఇంకెవరి మాట వినబడుతుంది?" అంది ప్లీడరమ్మ. "నేనే అన్నాను. కడుపుమంటతో అన్నాను."

సగం మంది గొల్లున నవ్వారు, హాస్యమాడిందనుకుని. మిగతా సగం నవ్వలేదు. వెనక వరస ఆడవాళ్ళలో ఒకరిద్దరు లేచి బయటికి వెళ్ళిపోయారు. మేనత్త మాత్రం చెవి సరిగా వినబడక, పక్కవాళ్ళని "ఏమంది? మనకి వేస్తారటనా?" అని అడుగుతూనే ఉంది.

పని మళ్ళీ మొదలైంది, కుళాయి వచ్చింది. మర ఉన్న సందులో కాలువ అలాగే తెరిచి ఉండి, వానాకాలం నీళ్ళు మరలోకి వచ్చి రెండు బస్తాల గింజలు నానిపోయాయి. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అంది అత్తగారు కాళ్ళు పైకి పెట్టుకుని. ఆ అన్నది కాలువ గురించో కోడలి గురించో వివరించలేదు. బయటికి వెళ్ళిపోయిన ఆడవాళ్ళు ఆ తరవాత పెద్ద రోడ్డు మీద మరలో పిండి ఆడించుకుంటున్నారు. వాళ్ళ గురించి ప్లీడరమ్మ ఎవరితోనూ వాదించలేదు.

ఇద్దరి మధ్యా మాటలు నెమ్మదిగా వచ్చాయి. మొదట డబ్బాల గురించి, తరవాత గుప్పెడు దగ్గు గురించి, ఆ తరవాత సమావేశాల గురించి. చిన్నకోడలు క్షమించానని చెప్పలేదు, ఈవిడ అడగనూలేదు.

కౌన్సిల్‌లో ఒక రోజు చిన్నకోడలు ఒక తీర్మానం పెట్టింది. ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్ళు పోటీకి పనికిరారన్న రూలు తీసేయమని పై ప్రభుత్వాన్ని కోరుతూ. ఇంట్లో ఎవరికీ ముందుగా చెప్పలేదు. "మా పేటలో నాకన్నా ఈ కుర్చీకి తగిన మనిషి ఒకరున్నారు. ఆమె కన్న మూడో పిల్ల నా చేతుల్లో పెరిగింది. ఆ పిల్లని తప్పుగా లెక్కపెట్టే రూలు నాకు నచ్చలేదు" అంది. లోపల నిశ్శబ్దంగా ఉండబట్టి ఆ మాటలు వరండాలో బెంచీ మీదున్న ప్లీడరమ్మ దాకా వచ్చాయి. చేతులెత్తితే అటూ ఇటూగా గట్టెక్కింది.

ప్లీడరమ్మ కళ్ళు చెమర్చాయి. అది నిజం. కానీ అంతకన్నా ముందు కలిగింది వేరే. తన జీవితంలో అనవలసిన మాటల్లో అన్నిటికన్నా పెద్ద మాట అది. అది కూడా దీని నోటి నుంచే రావాలా అని ఆవిడ కడుపు భగ్గుమంది. కళ్ళు తుడుచుకున్నది ఆ తరవాత.

పై నుంచి జవాబు రాలేదు. చిన్నకోడలి పదవీకాలం తీరింది, దిగిపోయే ముందు మర సందు కాలువకి పైకప్పు పడింది. తరవాతి ఎన్నికలో సీటు ఆడవాళ్ళ కోటాలోంచి పోయింది, టెంట్లాయన గెలిచాడు. గుమ్మం పక్క బోర్డు తీసేసి, కాటా దగ్గరే ఉంటోంది చిన్నకోడలు. అయినా జనం ఇప్పటికీ వస్తారు. గట్టిగా అడగాల్సిన పనైతే ప్లీడరమ్మని అడుగుతారు, ఆలోచించి చేయాల్సిన పనైతే చిన్నమ్మ ఉందా అంటారు. అలా అన్న ప్రతిసారీ ఆవిడకి ఓ నిప్పురవ్వ పడుతూనే ఉంటుంది. దాన్ని మింగి, "లోపలుంది, వెళ్ళండి" అంటుంది. వాళ్ళు వెళ్ళిపోయాక గింజలు సగంలో వదిలేసి కాటా దగ్గరికి వస్తుంది.

"ఏమందే ఆవిడ?"

"పొలం గట్టు తగువక్కా. చూస్తానన్నాను."

"చూసేదేముంది? రేపు నేనొస్తా పద" అంటుంది ప్లీడరమ్మ. ఆ సంగతి మొత్తం చెప్పించుకునేదాకా ఆ పూట ఆవిడకి అన్నం సయించదు.